పోరంకి వైపు ఓపెన్ లేఅవుట్: నేరాల లెక్క ఎక్కడ దొరుకుతుంది, డబ్బు ముందు దేనికి పెట్టాలి?

లేఅవుట్_కమిటీ:

నమస్కారమండీ. పోరంకి, పెనమలూరు మధ్య, బందరు రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికి ఉన్న లేఅవుట్ మాది. 64 ఇళ్లు, ఎక్కువగా డూప్లెక్సులు. ముప్పై ప్లాట్ల దాకా ఇంకా ఖాళీ. చుట్టూ ప్రహరీ లేదు, మూడు వైపుల నుంచి దారులు, వెనక కాలువ గట్టు.

ఇల్లు కొనడానికి, అద్దెకు చూడటానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది "ఇక్కడ క్రైమ్ రేటు ఎలా ఉంది?" అని. నెట్‌లో "విజయవాడ సేఫ్టీ ఇండెక్స్" లాంటి అంకెలు తప్ప మా ప్రాంతానికంటూ ఏమీ దొరకడం లేదు. అసలు లెక్క ఎక్కడుంటుంది?

రెండోది. కమిటీ దగ్గర మూడున్నర లక్షలు ఉన్నాయి. ఒక డీలరు 16 కెమెరాలకు కొటేషన్ ఇచ్చాడు: అన్నీ 4 మెగాపిక్సెల్, అన్నీ 2.8 ఎంఎం లెన్సు, 4 టీబీ హార్డ్ డిస్క్. కొందరు కెమెరాలొద్దు, వాచ్‌మన్‌ని పెడదాం అంటున్నారు. సంక్రాంతికి సగం ఇళ్లు తాళాలు పడతాయి కాబట్టి ఈలోపే తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

రికార్డుల_గది:

మొదటి ప్రశ్నకు చెబుతానండీ. ఆ సేఫ్టీ ఇండెక్సులు సైటుకు వచ్చినవాళ్లు "భయంగా ఉందా, లేదా" అని నొక్కిన జవాబుల సగటు. అందులో ఒక్క ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు. పక్కన పెట్టేయండి.

జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా వేసే నివేదికలో రేటు అంటే లక్ష జనాభాకు నమోదైన కేసులు. అది రాష్ట్రానికో పెద్ద నగరానికో పనికొస్తుంది. మీ 64 ఇళ్లలో రెండొందల పాతికమంది ఉంటారనుకుందాం. ఏడాదిలో ఒక్క దొంగతనం జరిగితే రేటు 440 దాటుతుంది, జరగకపోతే సున్నా. రెండూ మీకేమీ చెప్పవు. పైగా ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు సెక్షన్లున్నా అన్నిటికంటే పెద్ద నేరాన్నే లెక్కలోకి తీసుకుంటారు. 2011 తర్వాత కొత్త జనగణన లెక్కలు రాలేదు కాబట్టి పోరంకిలా పెరిగిన చోట్ల జనాభా అంకె కూడా పాతదే. నేరాలు పెరగడం వేరు, కేసులు కట్టడం పెరగడం వేరని ఎన్‌సీఆర్‌బీయే తన నివేదికలో రాస్తుంది. ఫిర్యాదు వెంటనే తీసుకునే స్టేషన్‌లో అంకె పెద్దదిగానే కనిపిస్తుంది. అది ఆ స్టేషన్ తప్పు కాదు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పెనమలూరు మండలం కృష్ణా జిల్లాలోకి వెళ్లింది. పెనమలూరు స్టేషన్ మచిలీపట్నంలోని ఎస్పీ కింద ఉంది, విజయవాడ పోలీసు కమిషనర్ (ఎన్టీఆర్ కమిషనరేట్) కింద కాదు. అందుకే "ఎన్టీఆర్ కమిషనరేట్‌లో దొంగతనాలు ఇన్ని శాతం తగ్గాయి" అని పేపర్లో వస్తే అందులో పోరంకి లేదు. అదే కమిషనరేట్‌లోకి నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వచ్చి చేరాయి. 2022కి ముందు అంకెల్ని తర్వాతి అంకెలతో పోలిస్తే రెండు వేర్వేరు ప్రాంతాల్ని పోల్చినట్టే.

మీకు కావలసింది స్టేషన్ లెక్క. దానికి రెండు దారులున్నాయి.

సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు తీర్పు ప్రకారం ఎఫ్‌ఐఆర్‌లు సాధారణంగా 24 గంటల్లో పోలీసు సైటులో పెట్టాలి. లైంగిక నేరాలు, పోక్సో లాంటివి మాత్రం పెట్టరు. ఏపీ పోలీసు సిటిజన్ సర్వీసెస్ సైటులో జిల్లా కృష్ణా, స్టేషన్ పెనమలూరు, తేదీలు ఇచ్చి వెతకండి. నెల నెలగా వెతికితే జాబితా చూడటం తేలిక. సెక్షన్ల కాలమ్‌లో మీరు చూడాల్సినవి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 303(2) దొంగతనం (బైకులు ఎక్కువగా ఇందులోనే), 304 గొలుసులు, ఫోన్లు లాక్కెళ్లడం, 305 ఇంట్లో దొంగతనం, 331(3) పగలు ఇల్లు పగలగొట్టడం, 331(4) రాత్రి పగలగొట్టడం. 2024 జూలై 1కి ముందు కేసుల్లో ఇవే పాత చట్టం ఐపీసీ 379, 380, 454, 457గా కనిపిస్తాయి. లాక్కెళ్లడానికి అప్పట్లో విడి సెక్షన్ లేదు, 356, 379, 392 లాంటివాటి కింద కట్టేవారు. ఎఫ్‌ఐఆర్ తెరిస్తే జరిగిన చోటు, జరిగిన సమయం, స్టేషన్ నుంచి దూరం, ఏ దిక్కు, అన్నీ ఉంటాయి. ఒక కాగితం మీద మీ చుట్టుపక్కల రెండు కిలోమీటర్ల మ్యాపు గీసి ఒక్కోటీ గుర్తు పెట్టండి, పక్కన టైము రాయండి. ఏడాదివి పూర్తయ్యేసరికి మీ దగ్గర సమస్య పగటి తాళాలా, రాత్రి తాళాలా, బైకులా, గొలుసులా అన్నది తెలిసిపోతుంది. డబ్బు దేనికి పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

రెండోది సమాచార హక్కు. పది రూపాయల రుసుముతో జిల్లా ఎస్పీ కార్యాలయం పౌర సమాచార అధికారికి రాయండి. గత 36 నెలలకు, నెలవారీగా, ఆ సెక్షన్ల కింద కేసులు ఎన్ని, పోయిన సొత్తు విలువ ఎంత, రికవరీ ఎంత అని అంకెలే అడగండి. "ఎందుకు పట్టుకోలేదు" అని అడిగితే జవాబు రాదు. ఉన్న రికార్డు ఇస్తారు గానీ అభిప్రాయం ఇవ్వరు. పేర్లు అడగకండి, ఆ సాకుతో తిరస్కరిస్తారు. గడువు 30 రోజులు.

లెన్సు_కేబులు:

కొటేషన్ గురించి. 16 కెమెరాలూ 2.8 ఎంఎం అంటే ఆ డీలరు మీ లేఅవుట్ చూడకుండానే రాశాడు. అది వెడల్పు లెన్సు, సుమారు 100 డిగ్రీలు చూస్తుంది. డెమోలో వీధంతా కనిపిస్తుంది కాబట్టి అందరికీ నచ్చుతుంది. కానీ ముఖం గుర్తుపట్టాలంటే ఆ మనిషి ఉన్న చోట మీటరుకు 250 పిక్సెళ్లు పడాలి. 4 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 2560 పిక్సెళ్లు. అంటే ఫ్రేమ్ వెడల్పు పది మీటర్లు దాటకూడదు. 2.8 ఎంఎం లెన్సుకు అది నాలుగు మీటర్ల దూరంలోనే దాటిపోతుంది. 4 ఎంఎంతో ఆరు మీటర్లు, 6 ఎంఎంతో పదకొండు దాకా వస్తుంది. దొంగతనం జరిగాక "మనిషి కనిపిస్తున్నాడు గానీ ముఖం తెలియడం లేదు" అనే మాట ఇందువల్లే వస్తుంది.

మీకు పది కెమెరాలు సరిపోతాయి. మూడు దారుల దగ్గర రెండేసి, కాలువ గట్టు వైపు రెండు, లోపల కూడళ్లలో రెండు. దారి దగ్గర జంటలో ఒకటి 4 ఎంఎం, మనిషి, బండి రంగు, ఎటు వెళ్లింది అన్నది దానికి. రెండోది 12 ఎంఎం, నంబరు ప్లేటుకు మాత్రమే. బైకు వెనక ప్లేటు 200 మిల్లీమీటర్ల వెడల్పే. అక్షరాలు చదవాలంటే ఫ్రేమ్‌లో దారి ఐదు మీటర్లకు మించి పడకూడదు. 12 ఎంఎం లెన్సుకు ప్లేటు దాదాపు 11 మీటర్ల దూరంలో ఉండాలి. స్తంభం మీద 3 మీటర్ల ఎత్తు చాలు. ఆరు మీటర్ల పైన పెడితే హెల్మెట్ పైభాగం తప్ప ఏమీ రాదు. వచ్చే బండి ముఖం కంటే వెళ్లే బండి వెనక వైపుకు గురిపెట్టండి, బైకులకు ముందు ప్లేటు సరిగా ఉండదు.

రాత్రిపూట ఇంకో సంగతి. హై సెక్యూరిటీ ప్లేటు మీద కెమెరా ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) వెలుగు పడితే తెల్లగా మెరిసి అంకెలు పోతాయి. ప్లేటు కెమెరాలో షట్టర్ ఆటోలో వదలకుండా 1/500 సెకనుకు, అవసరమైతే 1/1000కి మార్చాలి. అప్పుడు మిగతా బొమ్మంతా చీకటిగా ఉంటుంది, ప్లేటు మాత్రం చదవొస్తుంది. ఒకే కెమెరా రెండు పనులూ చేయదని చెప్పేది ఇందుకే. సరిగ్గా ఆ 11 మీటర్ల దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ వేయిస్తే సగం పని అదే చేస్తుంది.

కరెంటు వీధిదీపం స్తంభం నుంచి లాగుతామంటే ఒప్పుకోకండి. అనుమతి సంగతి అలా ఉంచితే, ఆ లైనులో కరెంటు రాత్రే ఉంటుంది, పగలు కెమెరాలు చచ్చిపోతాయి. కమిటీ గది నుంచి పీఓఈ స్విచ్‌తో (డేటా, కరెంటు ఒకే కేబులులో పంపే పెట్టె) ఇవ్వండి. క్యాట్‌6 కేబులు వంద మీటర్ల వరకే. మీ వెనక దారి అంతకంటే దూరం ఉంటుంది, అక్కడికి ఫైబరు లాగండి. పిడుగు పడ్డప్పుడు రాగి తీగ అయితే స్విచ్ దాకా మొత్తం కాలిపోతుంది, ఫైబరులో ఆ బెడద లేదు.

లేఅవుట్_కమిటీ:

చాలా ఉపయోగమండీ. పది కెమెరాలకు 4 టీబీ సరిపోతుందా? కరెంటు పోతే ఎంతసేపు నడవాలి?

లెన్సు_కేబులు:

సరిపోదు. హెచ్.265లో (వీడియోను కుదించే పద్ధతి) కెమెరాకు 2 ఎంబీపీఎస్ పెడితే రోజుకు 21.6 జీబీ. పది కెమెరాలకు 216, ముప్పై రోజులకు 6.5 టీబీ. 8 టీబీ తీసుకోండి, నిఘాకు చేసిన రకమే. పాత 16 కెమెరాల లెక్కలో 4 టీబీ పదకొండు రోజులకే నిండి పాతది చెరిగిపోయేది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి, విషయం తెలిసి, ఫిర్యాదు ఇచ్చేసరికి అంత సమయం తేలిగ్గా దాటిపోతుంది. వందమంది చేరే సంస్థలకు 2013 నాటి ప్రజాభద్రత చట్టం పెట్టింది కూడా 30 రోజులే, మీరూ అదే కొలత పెట్టుకోండి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే మోడ్ వద్దు. ఐఆర్ వెలుగుకు పురుగులు ముసిరి రాత్రంతా అదే రికార్డవుతుంది, లేదంటే సెన్సిటివిటీ తగ్గించి అసలైనది పోగొట్టుకుంటారు.

పది కెమెరాలు, స్విచ్, ఎన్‌వీఆర్ (రికార్డు చేసే పెట్టె) కలిపి 80 నుంచి 90 వాట్లు. కంప్యూటర్ యూపీఎస్ అరగంట లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ అయితే పద్నాలుగు, పదిహేను గంటలు. ఎన్‌వీఆర్‌ను గోడకు బోల్టు వేసిన ఇనుప పెట్టెలో పెట్టండి, గాలి ఆడే రంధ్రాలతో. గడియారం ఇంటర్నెట్ టైముతో సరిచేసుకునేలా సెట్ చేయండి. పావుగంట తేడా ఉన్న ఫుటేజీతో పోలీసులు పక్క వీధి కెమెరాలు, సెల్ టవర్ వివరాలు కలపలేరు. నెలకోసారి లెన్సుల మీద సాలెగూళ్లు తుడవడం, ప్రతి కెమెరా నుంచి ముందు రాత్రి రెండింటికి రికార్డయిన ఫుటేజీ తెరిచి చూడడం ఒకరికి అప్పగించండి. లైవ్‌లో బొమ్మ వస్తోంది కదా అని వదిలేస్తే హార్డ్ డిస్క్ ఎప్పుడో ఆగిపోయిన సంగతి తెలియదు.

గడియ_గొళ్లెం:

కెమెరా దొంగను గుర్తుపట్టడానికి. ఆపేది తలుపు. 64 ఇళ్లవాళ్లూ సొంతంగా చేసుకోవాల్సిన పని ఇది, ఇంటికి నాలుగైదు వేలతో అయిపోతుంది. కమిటీ ఒక వడ్రంగిని, ఒక వెల్డర్‌ని మాట్లాడి ఇంటింటికీ పంపితే ఇంకా తక్కువే.

గేటుకో తలుపుకో బయట వేలాడే తాళం కప్ప "ఇంట్లో ఎవరూ లేరు" అని వీధికి చెబుతుంది. కప్ప ఎంత గట్టిదైనా దొంగ దాని జోలికి పోడు. గొళ్లెం కింద ఇనుప రాడ్ పెట్టి లేపితే గొళ్లెమే స్క్రూలతో సహా ఊడొస్తుంది. తలుపులో ఇమిడిపోయే తాళం వేయించండి, మూడు గడియలు ఒకేసారి పడే రకం మంచిది. అంతకంటే ముఖ్యం, ద్వారబంధంలో గడియ దూరే పట్టీ. దానికి వడ్రంగులు ముప్పాతిక అంగుళం స్క్రూలు బిగిస్తారు. గట్టిగా ఒక తన్ను తంతే చెక్క చీలి వచ్చేస్తుంది. వాటిని తీసి 3 అంగుళాల స్క్రూలు, ద్వారబంధంలోకి లోతుగా దిగేలా వేయించండి. హింజీల పిన్ను బయటికి కనిపించే తలుపులైతే పిన్ను తలను వెల్డింగ్ చేయించాలి.

డూప్లెక్సుల్లో అసలు బలహీనత మేడ మీద హెడ్‌రూమ్ తలుపు, అంటే మెట్లు డాబా మీదకు తేలే చోట ఉండేది. అందరూ అక్కడ పల్చటి ఫ్లష్ డోర్, ఒక చిన్న గడియతో సరిపెడతారు. పక్కన కడుతున్న ఇంటి సెంట్రింగ్ కర్రలు ఎక్కి మీ డాబా మీదకు దూకితే ఆ తలుపు ఒక్కటే అడ్డు. రోడ్డు మీద ఎవరికీ కనిపించదు, చప్పుడు కూడా వినిపించదు. దానికి బయట ఇనుప గ్రిల్ గేటు, లోపలి నుంచి తాళం. వంటింటి వెనక తలుపుకూ ఇంతే. కిటికీ గ్రిల్లులు బయట నుంచి స్క్రూలతో బిగించి ఉంటే ఆ స్క్రూ తలలు అరగదీయించండి. బాత్రూమ్ అద్దాల వెంటిలేటరు తొమ్మిది అంగుళాల కంటే వెడల్పుంటే అడ్డంగా ఒక రాడ్ వేయించండి.

వేసవిలో డాబా మీద పడుకునేవాళ్లు వీధి తలుపు దగ్గరకు వేసి వెళ్తారు. దొంగతనానికి అంతకంటే సులువైన అవకాశం లేదు.

ఊరెళ్లేటప్పుడు బంగారం బ్యాంకు లాకర్‌లో. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వల్ల పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు. బీరువా తాళాలు పూజగదిలోనూ పరుపు కిందా పెట్టడం మానాలి, దొంగ మొదట వెతికేవి అవే. పగలంతా వెలిగే వరండా లైటు తాళం కప్పతో సమానం, సాయంత్రం ఆరున్నరకు వెలిగి పదిన్నరకు ఆరే టైమర్ ప్లగ్గు ఐదారు వందలకు వస్తుంది. పాలు, పేపరు ఆపించండి. పండగ రోజుల్లో అన్ని ఇళ్ల ముందూ ముగ్గులుండి ఒక్క వాకిలి బోసిగా ఉంటే దూరం నుంచే తెలుస్తుంది, పక్కింటి వదిననో పనిమనిషినో రోజూ కళ్లాపి చల్లి ముగ్గు వేయమనండి. తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకు పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో తాళం వేసే తేదీలు నమోదు చేస్తే వాళ్లే వచ్చి ఇంట్లో కదలికల్ని పట్టే కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. బయలుదేరే రోజు కాకుండా రెండు రోజుల ముందే స్టేషన్‌లో మాట్లాడండి.

పంచనామా:

పైన చెప్పినవాటికి చేర్చాల్సినవి కొన్ని. మీ లేఅవుట్ తీరు వింటే 2021 డిసెంబరు గుర్తొస్తుంది. అప్పుడు విజయవాడ శివార్లలో, తాడేపల్లి వైపు అపార్ట్‌మెంట్లు, విల్లాల మీద చెడ్డీ గ్యాంగ్ వరసగా పడింది. వాళ్లు గుజరాత్‌లోని దాహోద్ నుంచి వచ్చినవాళ్లని పోలీసులు తేల్చారు. ఊరి చివర, వెనక పొలమో ఖాళీ జాగానో ఉన్న చోట్లే ఎంచుకున్నారు. ఇలాంటి ముఠాలు నలుగురైదుగురు కలిసి తిరుగుతాయి, ఎదురు తిరిగితే కొడతాయి. లోపల అలికిడి వినిపిస్తే తలుపు తీసి బయటికి రావద్దు. లైట్లన్నీ వేసి, 112కి ఫోన్ చేసి, వాట్సాప్ గ్రూపులో ఇంటి నంబరు పెట్టి కేకలేయండి. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పించండి.

ఆ ముప్పై ఖాళీ ప్లాట్లలో సర్కారు తుమ్మ, గడ్డి నడుము ఎత్తు పెరిగి ఉంటే కెమెరాల కంటే ముందు అది కొట్టించండి. యజమానులు ఎక్కడో ఉంటారు. ప్లాట్ నంబర్లతో మున్సిపాలిటీకి రాసిస్తే ఖాళీ స్థలం పన్ను రికార్డు ద్వారా నోటీసు పంపొచ్చు. వీధిదీపాల ఫిర్యాదుకు స్తంభం నంబరు ఇవ్వండి. "మా వీధిలో లైటు లేదు" అని రాస్తే లైన్‌మన్ వెతుక్కోలేడు. స్టేషన్ అధికారిని (ఎస్‌హెచ్‌ఓ) కలిసినప్పుడు వెనక కాలువ దారిలో ఒక బీట్ పాయింట్ పెట్టమని లిఖితపూర్వకంగా అడగండి. కానిస్టేబుల్ అక్కడికి వచ్చి నమోదు చేసి వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి రావడం ఖాయమవుతుంది.

గొలుసుల విషయం. బైకు వెనక నుంచే వస్తుంది. నడకకు వెళ్లే ఆడవాళ్లు రోడ్డు కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దు. గేటు దగ్గర అడ్రసు అడిగేవాళ్లకు రెండు గజాల దూరం నుంచి, గేటు తీయకుండా జవాబివ్వాలి. నగలకు మెరుగు పెడతామని వచ్చేవాళ్లను వీధి మొదట్లోనే వెనక్కి పంపండి. వాళ్ల యాసిడ్‌లో బంగారం కరిగి బరువు తగ్గుతుంది, కంటికి తెలియదు. కాలువ గట్టు మీద గంజాయి గుంపులు చేరితే మత్తుపదార్థాల మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972.

దొంగతనం జరిగిపోతే లోపలికి వెళ్లి బీరువా సర్దకండి. క్లూస్ టీమ్ వచ్చేదాకా ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు, వచ్చిన చుట్టాలూ అంతే. ఫిర్యాదులో ఒక్కో వస్తువు పేరు, బరువు గ్రాముల్లో, బిల్లు ఉంటే దాని నంబరు రాయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాల్లో అమ్మే హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిపి ఆరు గుర్తుల, ఆ నగకే ప్రత్యేకమైన కోడ్ ఉంటుంది. దాన్ని ఇప్పుడే ఫోటో తీసి దాచుకోండి, రికవరీ అయినప్పుడు ఇది మీదే అని చూపడానికి అంతకంటే గట్టి ఆధారం లేదు. హెచ్‌యూఐడీ లేని పాత నగలను తూకం మీద పెట్టి, బరువు కనిపించేలా ఫోటో తీయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(2). పరిధి మాది కాదని పంపేయకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. మీరు ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల సరిహద్దు దగ్గరే ఉన్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో, 173(4) కింద.

ఫుటేజీని ఫోన్‌తో తెర మీద నుంచి తీసి ఇస్తే కోర్టులో నిలవదు. ఎన్‌వీఆర్ నుంచి నేరుగా పెన్ డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేతం) భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. సర్టిఫికెట్‌లో మొదటి భాగం ఎన్‌వీఆర్ చూసుకునే మీ కమిటీ మనిషి, రెండో భాగం నిపుణుడు రాయాలి. అందుకే ఎన్‌వీఆర్ బాధ్యత ఎవరిదో మినిట్స్ పుస్తకంలో పేరుతో రాసుకోండి.

లేఅవుట్_కమిటీ:

అందరికీ ధన్యవాదాలండీ. ఎఫ్‌ఐఆర్‌ల మ్యాపు ఈ వారమే మొదలుపెడతాం. మరి వాచ్‌మన్ సంగతి? మూడు దారులకు ముగ్గుర్ని పెట్టే స్తోమత లేదు.

రికార్డుల_గది:

ఒక దారి శాశ్వతంగా మూసేయండి, రెండోది రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా గేటు వేసి తాళం వేయండి. అవి పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగించిన రోడ్లయితే వాళ్ల అనుమతి రాసి తీసుకోవాలి. ఫైరింజన్, అంబులెన్స్ కోసం తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, ఆ దారిలోని ఒక ఇంట్లో ఉండాలి. అప్పుడు రాత్రికి ఒక్క మనిషి చాలు. అతని ఆధార్ కాపీ, ఫోటో, సొంతూరు వివరాలు స్టేషన్‌లో వెరిఫికేషన్‌కు ఇచ్చాకే పనిలో పెట్టుకోండి. జీతంలో బేరమాడి పగలు ఇంకోచోట పనిచేసేవాణ్ని తీసుకుంటే ఒంటి గంటకల్లా నిద్రపోతాడు. రాత్రి పగలగొట్టే కేసులు ఎక్కువ జరిగేది ఒంటి గంట నుంచి నాలుగు మధ్యే. ఆ సమయంలో గంటకో రౌండు, కాలువ వైపు స్తంభం మీద అతికించిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఏ నిమిషానికి బయలుదేరాలన్నది మాత్రం రోజూ మారాలి. ప్రతి రాత్రీ సరిగ్గా రెండింటికి ఈల వినిపిస్తే రెండుంపావు దాకా ఆగితే చాలని బయటివాడికి తెలిసిపోతుంది.